నేను టిఫిన్ తినే వచ్చాను తల్లీ

ఇప్పుడే మా పాప క్లాసు మమ్మీల వాట్సాప్ గ్రూపు తెరిచాను. "డియర్ మమ్మీస్, పొద్దున్నే టిఫిన్ మానేయకండి, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చి రోడ్డు మీద కళ్ళు తిరిగి పడిపోతే పిల్లలు భయపడతారు, మన ఆరోగ్యం మన చేతుల్లోనే ఉంది" అని ఒక మెసేజ్, కింద వరసగా దణ్ణాలు, గులాబీలు. పేరు మాత్రం రాయలేదు, ఎంత మర్యాదో! మధ్యాహ్నం స్కూలు గేటు పక్కన ఫుట్‌పాత్ మీద కూలబడింది నేనేనని గ్రూపులో తెలియనివాళ్ళు ఎవరున్నారు కనుక. ఆ మెసేజ్‌కి అందరూ బొటనవేళ్ళు ఎత్తారు. ఒకావిడ రాగిజావ ఎలా కాయాలో కూడా రాసింది.

నేను టిఫిన్ తిన్నాను. ఇడ్లీ, అల్లం పచ్చడి, పైన నెయ్యి కూడా వేసుకుని తిన్నాను. కళ్ళు తిరగలేదు, పడిపోలేదు. నాకు వచ్చింది పానిక్ అటాక్. పాప బ్యాగ్ స్కూటీకి తగిలించి, హెల్మెట్ క్లిప్ పెడుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది, చేతులు వణికాయి, ఇక ఇక్కడే చచ్చిపోతానేమో అన్న భయం వచ్చింది. బండి స్టార్ట్ చేయకుండా స్టాండ్ వేసి పక్కన కూర్చున్నాను. ఆ స్థితిలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోకి పాపని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళకపోవడమే ఇవాళ నేను చేసిన తెలివైన పని, దానికి మాత్రం ఎవరూ బొటనవేలు ఎత్తరు.

ఇది నాకు కొత్త కాదు. మొదటిసారి వచ్చినప్పుడు గుండెపోటే అనుకుని ఆసుపత్రికి వెళ్ళాం, ఈసీజీ తీశారు, థైరాయిడ్, షుగర్ చూశారు, అన్నీ నార్మల్. మొదటిసారైతే ఎవరైనా ఆ పరీక్షలు చేయించుకోవాల్సిందే, కాదనను. కానీ రిపోర్టులు నార్మల్ అని వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో నా జబ్బు కూడా నార్మల్ అయిపోయింది. "డాక్టరే ఏమీ లేదన్నాడు కదా" అని మా అత్తయ్య. ఏమీ లేదని ఆయన అన్లేదండీ, గుండెకి ఏమీ లేదన్నాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు, ఆ చీటీ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు పారిపోవడానికి ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో, ఇందులోనూ అంతే, కాకపోతే పారిపోవడానికి ఎదురుగా ఏమీ ఉండదు. అడ్రినలిన్ పొంగుతుంది, ఊపిరి వేగంగా తీసుకుంటాం, దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయం, ఆ భయానికి ఇంకా వేగంగా ఊపిరి. మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్ళి తర్వాత దానంతటదే దిగుతుంది. ఊపిరి వదలడం నెమ్మదిగా చేయాలి, పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు. ఇంత చిన్న విషయం. దీనికి రాగిజావ అక్కర్లేదు.

నేనూ పాపా దీనికి ఒక ఆట కూడా పెట్టుకున్నాం. కౌన్సెలర్ నేర్పిందే. చుట్టూ కనబడేవి ఐదు, చేత్తో తాకగలిగేవి నాలుగు, వినబడేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి చెప్పాలి. "అమ్మకి గుండె పరిగెడుతోంది, కాసేపట్లో ఆగుతుంది" అని చెప్తే చాలు, పాపే మొదలుపెడుతుంది. ఇవాళ కూడా మొదలుపెట్టింది. ఆటో, చెరుకురసం బండి, పోలీసు మామయ్య, ఐస్ బండి, వాచ్‌మన్ తాత. ఐదూ అయ్యాయి, నేను చొక్కా గుండీ తాకుతున్నాను, కాస్త దిగుతోంది కూడా. అప్పుడు వచ్చారు దేవతలు. ఒకావిడ బాటిల్ నీళ్ళు మొహాన కొట్టింది. ఇంకొకాయన ఫిట్స్ అనుకుని బండి తాళాలు నా గుప్పిట్లో కుక్కి నొక్కి పట్టుకున్నాడు. ఫిట్స్‌కైనా తాళాలు పని చేయవు, అది వేరే సంగతి. ఎవరో ఉల్లిపాయ తెమ్మని కేకేశారు. అప్పటిదాకా బుద్ధిగా లెక్కపెడుతున్న పాప ఇంతమంది అరుపులకి భోరుమంది. పిల్లలు భయపడతారట! భయపెట్టింది ఎవరు?

పైగా అందరూ అడిగేది ఒకటే, "ఏం టెన్షన్స్ ఉంటాయండీ మీకు, ఇంట్లోనే ఉంటారుగా". అవును, ఇంట్లోనే ఉంటాను. పాపకి తలంటుతుంటే బకెట్ నిండే చప్పుడుకి నాకు ఊపిరాడదు. అదీ ఇంట్లోనే.

అది ఎప్పటి నుంచో కూడా చెప్తాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు మేము అక్కడే అద్దెకుండేవాళ్ళం, పై వాటాలో. కింద వాటా వాళ్ళు కూడా మా గదుల్లోనే. చుట్టూ నీళ్ళు, తాగడానికి చుక్క లేదు, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, పాప పాలకి ఏడుస్తోంది. డ్రోన్లతో భోజనం పొట్లాలు వేస్తున్నారని టీవీలో అందరూ చూశారట, మేము మాత్రం మా డాబా మీద నిలబడి అవి పక్క వీధికి పోవడం చూశాం. పడవ ఎక్కేటప్పుడు పాపని ఎవరి చేతుల్లోకో అందించాల్సి వచ్చింది, ఆ క్షణం గురించి ఇక్కడ రాయను.

బయటపడి గుంటూరులో మా వదిన ఇంటికి చేరాం. మా వదిన అంటే మా ఆయన అక్క. తలుపు తీసి ఆవిడ అన్న మొదటి మాట, "పడవ ఎక్కారంట కదా, ఫొటోలు తీయలేదా?" తర్వాతి మాట, బురద కాళ్ళతో హాల్లోకి రావద్దని. రాత్రి నాకు వణుకొస్తే "వేషాలు" అంది, నేను నిద్రపోయాననుకుని అంది. అదే ఇంట్లో పోయిన సంక్రాంతికి మా ఆయనకి నాటుకోడి తిన్నాక ఛాతీలో పట్టేసినట్టుందంటే కారు తీశారు, ఎమర్జెన్సీ అన్నారు, అత్తయ్య దుర్గమ్మకి ముడుపు కట్టింది. తేలింది గ్యాస్. ఆయన గ్యాస్‌కి ముడుపు, నా పానిక్‌కి వేషాలు!

వేషాలైతే 14416కి ఎందుకు ఫోన్ చేస్తాను? టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అర్ధరాత్రి బాత్రూమ్ తలుపు వేసుకుని చేశాను. అటు పక్కన ఆ అమ్మాయి "మీరు తిన్నారా" అని అడగలేదు, "ఇప్పుడు పక్కన పాప ఉందా, ఎవరైనా చూసుకుంటున్నారా" అని అడిగింది. అంతకాలంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. మందులు మొదలుపెట్టిందీ ఆ తర్వాతే. "అలవాటైపోతాయి ఆ మందులు" అని చెప్పడానికి మళ్ళీ మా వదినే ఫోన్ చేసింది, ఆవిడ బీపీ మాత్ర వేసుకుంటూ.

ఈ ఆదివారం వాళ్ళందరూ విజయవాడ వస్తున్నారట, గుడికి వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొస్తారట, గోంగూర మటన్ చేయమని అత్తయ్యతో కబురు. నేను చేయను. ఆదివారం పొద్దున్నే పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతున్నాను. మటన్ హోటల్ నుంచి తెప్పించుకోండి వదినా, డబ్బులు మీ తమ్ముడు కడతాడు. వడ్డించేటప్పుడు ఫొటోలు తీసుకోవడం మర్చిపోకండి.