207 సెంటీమీటర్ల సెంటర్ రింగుకు దూరంగా ఎందుకు నిలబడ్డాడు?

కొరియా టీవీ షోలు అలవాటున్న తెలుగువాళ్లకు సో జాంగ్‌హూన్ ముఖం తెలిసే ఉంటుంది. పక్కనున్న కమెడియన్లను పిల్లల్లా చూపించే ఎత్తు, ఎప్పుడూ ఎవరినో మందలిస్తున్నట్టుండే గొంతు. టీవీలోకి రాకముందు అతను కొరియా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ కేబీఎల్‌లో 15 సీజన్లు సెంటర్‌గా, అంటే రింగు కింద కాపు కాసే పొడుగు ఆటగాడిగా ఆడాడు. 688 మ్యాచ్‌లు, 13,231 పాయింట్లు, 5,235 రీబౌండ్లు (తప్పిన షాట్ల నుంచి అందుకున్న బంతులు). రిటైరై పదేళ్లు దాటినా ఆ పాయింట్ల రికార్డు అలాగే ఉంది.

ఎత్తున్నాడు కాబట్టి వేశాడులే అనుకోవడం తేలిక. కానీ కేబీఎల్ నిబంధనలు తెలిస్తే అలా అనలేం. 1997లో 8 జట్లతో లీగ్ మొదలైనప్పుడే ప్రతి జట్టూ ఇద్దరు విదేశీ ఆటగాళ్లను తెచ్చుకోవచ్చన్నారు. జట్లన్నీ ఆ రెండు స్థానాలనూ ఎక్కువగా రింగు కింద బలం కోసమే వాడుకున్నాయి. అంటే కొరియా సెంటర్ ఉద్యోగానికే ఎసరు. దూరం నుంచి వేసే షూటర్లకూ బంతి నడిపించే గార్డులకూ ఢోకా లేదు, పొడుగువాళ్లే బెంచీ మీదికి జరిగారు. అలాంటి లీగ్‌లోకి 1998-99లో ఎస్‌కే నైట్స్ తరఫున అడుగుపెట్టిన సో జాంగ్‌హూన్, మొదటి సీజన్లోనే మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు, దాదాపు 14 రీబౌండ్లతో రీబౌండ్ల టైటిల్ కొట్టేశాడు. విదేశీ ఆటగాళ్లను దాటి ఆ టైటిల్ అందుకున్న, కొరియాలో పుట్టిన ఆటగాడు అతనొక్కడే.

చిన్నప్పుడు అతనిది బేస్‌బాల్. మిడిల్ స్కూల్లో బాస్కెట్‌బాల్‌కు మారాడు. యోన్‌సే యూనివర్సిటీలో చేరిన తొలి ఏడాదే, లీ సాంగ్‌మిన్, మూన్ క్యుంగ్‌ఉన్ లాంటి సీనియర్లతో కలిసి 1993-94 జాతీయ టోర్నీలో కంపెనీ జట్లన్నిటినీ ఓడించాడు. ఓ విద్యార్థి జట్టు ఆ కప్పు గెలవడం అదే మొదలు. ఆ రోజుల్లోనే మెడకు దెబ్బ తగిలింది. కొరియా వదిలి ఏడాదిపాటు అమెరికాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ప్రొఫెషనల్ కెరీర్లోనూ మెడ మళ్లీ దెబ్బతింది. చివరి ఏళ్లన్నీ మెడకు పట్టీతోనే ఆడాడు. అలాంటి మెడతో, 100 కిలోలు దాటిన విదేశీ ఆటగాళ్ల మోచేతుల మధ్య, ఏటా యాభై మ్యాచ్‌లు రింగు కింద నిలబడితే కెరీర్ ఎంతకాలం నిలుస్తుంది? అతని ఆటంతా ఈ ప్రశ్నకు జవాబు.

ఆ జవాబు కోర్టు మీద ఎలా ఉండేదంటే... గార్డ్ బంతితో పైనుంచి దిగుతాడు. సో జాంగ్‌హూన్ ఫ్రీ త్రో గీత అంచున స్క్రీన్ పెడతాడు, అంటే గార్డ్‌ను కాస్తున్నవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. గార్డ్ దాటగానే మామూలు సెంటర్ రింగు వైపు పరుగెడతాడు. ఇతను మాత్రం వెనక్కి రెండడుగులు వేసి, రింగుకు అయిదు మీటర్ల దూరంలో చేతులు సిద్ధం చేసుకుని ఆగుతాడు. అతన్ని కాస్తున్న విదేశీ సెంటర్‌కు అక్కడే చిక్కొచ్చి పడుతుంది. వెంట వస్తే రింగు దగ్గర కాపలా ఉండదు, సో జాంగ్‌హూన్ జట్టులోని విదేశీ ఆటగాడు తాపీగా రింగు పక్కనుంచే లేఅప్ వేసుకుంటాడు. రాకపోతే, పెద్దగా ఎగరకుండానే నెత్తి మీదనుంచి విడిచే ఆ షాట్‌ను అడ్డుకునే చెయ్యి లేదు. పోనీ డిఫెండర్లు మార్చుకుందామంటే 190 సెంటీమీటర్లయినా లేని కొరియా ఆటగాడు అతని ఎదురుగా మిగులుతాడు. అప్పుడు మాత్రం నేరుగా రింగు కిందికే నడుస్తాడు. వయసు పైబడేకొద్దీ ఇంకా వెనక్కి జరిగి మూడు పాయింట్ల షాట్లూ మొదలెట్టాడు.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. షాట్ తప్పితే రీబౌండ్ కోసం పోటీపడాల్సిన పొడుగు మనిషి దూరంగా ఉంటాడు. ఎదుటి జట్టు వేగంగా బయల్దేరితే వెనక్కి పరిగెత్తడానికి అతని కాళ్లు సహకరించవు. అన్నిటికంటే పెద్ద చిక్కు, పక్కన మరో పెద్ద మనిషి ఉంటే ఇద్దరూ ఒకే జాగా కోసం తన్నుకోవాలి.

అతని కెరీర్‌ను రెండు డిసెంబర్లు తేల్చాయనడానికి కారణం ఇదే. 1999 డిసెంబరులో ఎస్‌కేలో అతనితోపాటు హ్యున్ జూయప్ ఉన్నాడు. హైస్కూల్లో ఇతనికి జూనియర్, లోపలికి దూసుకెళ్లే బలమైన ఫార్వర్డ్. పేపర్ మీద ఆ జోడీకి తిరుగులేదు. కోర్టులో ఒకరి దారికి ఒకరు అడ్డం. ఎస్‌కే తెగించి జూయప్‌ను గోల్డ్‌బ్యాంక్ జట్టుకు పంపి, షూటర్ చో సాంగ్‌హ్యున్‌ను తెచ్చుకుంది. లోపల జాగా దొరికింది, బయట షూటర్ దొరికాడు. అప్పటికి రెండుసార్లు వరుసగా గెలిచిన హ్యుందాయ్‌ను ఓడించి ఆ సీజన్ కప్పు ఎస్‌కే ఎగరేసుకుపోయింది. అత్యుత్తమ ఆటగాడు (ఎంవీపీ) సో జాంగ్‌హూన్.

2008 నవంబర్ 19న కేసీసీ జట్టు జెర్సీలో 10,000 పాయింట్లు దాటిన మొదటి ఆటగాడయ్యాడు. ఆ తర్వాతి నెలలోనే కేసీసీ అతన్ని ఇంచాన్ ఈటీ ల్యాండ్ జట్టుకు ఇచ్చేసింది. ఈసారి ఎక్కువైంది ఇతనే. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆడిన తొలి కొరియన్, 221 సెంటీమీటర్ల హా సుంగ్‌జిన్ అదే ఏడాది కేసీసీలో చేరాడు. అతనికి బయటి షాట్ లేదు, రింగు కిందే ఉండాలి. ఇద్దరూ కలిసి దిగితే జట్టు నత్తనడక, విడివిడిగా దించితే సో జాంగ్‌హూన్‌కు దక్కే నిమిషాలు తక్కువ. అతని బదులు వచ్చినవాళ్లలో చురుకైన గార్డ్ కాంగ్ బ్యుంగ్‌హ్యున్ ఉన్నాడు. కేసీసీ వేగం పుంజుకుని వేసవికల్లా చాంపియన్ అయింది. కృతజ్ఞత లేని నిర్ణయమని అభిమానులు తిట్టుకోవచ్చు. ఆట లెక్కలో మాత్రం 1999లో ఎస్‌కే చేసిన పనే ఇది, పాత్రలే మారాయి.

మధ్యలో సామ్‌సంగ్ తరఫున 2005-06 సీజన్ ఉంది. అక్కడ లోపలి బరువంతా నైజీరియా సెంటర్ ఒలుమిడే ఒయెడేజీ మోశాడు, ఇతను బయటనుంచి వేశాడు. ఫైనల్లో మోబిస్‌ను 4-0తో ఊడ్చేశారు. నా లెక్కలో అతని ఆటకు అచ్చంగా సరిపోయిన జట్టు అదొక్కటే.

2002 బుసాన్ ఆసియా క్రీడల ఫైనల్ గురించి కొరియాలో చెప్పని వాళ్లుండరు. భారీ సెంటర్ యావో మింగ్ ఉన్న చైనాను ఓవర్‌టైమ్‌లో 102-100తో ఓడించారు. 1982 న్యూఢిల్లీ తర్వాత కొరియాకు అదే మొదటి స్వర్ణం. సో జాంగ్‌హూన్, 205 సెంటీమీటర్ల కిమ్ జూసంగ్ ఇద్దరూ ఉండబట్టే యావోకు ఎదురు నిలబడగలిగారు.

అయినా స్వదేశంలో అతనికి మంచిపేరు తక్కువే. లోపల ఆడకుండా బయట తిరుగుతాడన్నారు. రిఫరీలతో గొడవ పెట్టుకుంటాడన్నారు. రెండోది నిజమే, ప్రతి విజిల్‌కూ చేతులు చాచి వాదించేవాడు. మొదటిది అన్యాయం. విదేశీ ఆటగాళ్లతో రింగు కింద నింపింది లీగే. అందుకు తగ్గట్టు ఆట మార్చుకున్నవాణ్ని తప్పుపట్టడం ఏమిటి? సమస్య ఎటూ తెగక లీగ్ కొలబద్ద పట్టుకుంది. 2018-19లో విదేశీ ఆటగాడు 200 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. అంతకు ముందు సీజన్ టాప్ స్కోరర్ డేవిడ్ సైమన్‌ను కొలిస్తే 202.1 వచ్చింది, ఇంటికి పంపేశారు. నవ్వులపాలై ఏడాదికే ఆ నిబంధన ఎత్తేశారు.

రీబౌండ్ల రికార్డు 2022 జనవరిలో పోయింది. బద్దలుకొట్టింది అమెరికాలో పుట్టి కొరియా పౌరసత్వం తీసుకున్న రా గునా. పాయింట్ల సంగతి లెక్క వేసి చూద్దాం. ఇప్పుడు సీజన్‌కు 54 మ్యాచ్‌లు. సగటున 15 పాయింట్లు వేసే ఆటగాడికి 13,231 దాటాలంటే 880కి పైగా మ్యాచ్‌లు కావాలి, అంటే ఒక్కటీ మిస్ కాకుండా 16 సీజన్లకు పైనే. కొరియా కుర్రాడు సాధారణంగా యూనివర్సిటీ అయ్యాక 22 ఏళ్లకు లీగ్‌లోకి వస్తాడు, మధ్యలో ఏడాదిన్నర సైనిక సేవ. సో జాంగ్‌హూన్ తన 15 సీజన్లలో అందుబాటులో ఉన్న మ్యాచ్‌ల్లో దాదాపు 88 శాతం ఆడాడు, సగటు 19. 2013 మార్చి 19న చివరి మ్యాచ్‌లో, 38 ఏళ్ల వయసులో కేటీ జట్టు తరఫున 33 పాయింట్లు వేశాడు. ఆ సీజన్ జీతం 10 కోట్ల వాన్‌లకు మరో 10 కోట్లు కలిపి యోన్‌సేకు విరాళమిచ్చాడు.

పొడుగ్గా ఉండి దూరం నుంచి వేయగల కుర్రాళ్లు కొరియాలో లేక కాదు. రెండు మీటర్ల లీ హ్యున్‌జంగ్ అమెరికాలోని డేవిడ్‌సన్ కాలేజీలో చదివి ఆస్ట్రేలియా లీగ్‌కు, అక్కడినుంచి జపాన్‌లోని నాగసాకికి వెళ్లాడు. యో జున్‌సోక్ అమెరికా కాలేజీ బాట పట్టాడు. వాళ్లు అక్కడ వేసే పాయింట్లేవీ కేబీఎల్ ఖాతాలో పడవు.