మెదడుకు సర్వదర్శనం, కండకు వీఐపీ బ్రేక్

దీర్ఘకాలిక ఒత్తిడి మీద పరిశోధించేవాళ్లు ఒక్కసారైనా తిరుపతికి వచ్చి మా ఇంట్లో వారం రోజులుండాలని సవినయంగా మనవి.

మాది కొర్లగుంట. తెల్లవారి ఐదున్నరకే ఫోన్ మోగుతుంది. ‘ఏమప్పా, బాగుండావా?’ అంటే క్షేమసమాచారం అనుకునేరు. ‘ఎనిమిది మందిమి వస్తా ఉండాము, రేపటి దర్శనానికి ఒక సిఫార్సు లెటర్ చూడు’ అనడానికి అది నాంది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయంటే, ‘కొండ కిందనే ఉండావు, ఆ మాత్రం పలుకుబడి లేదా?’ అంటారు.

నా అవస్థ చూడలేక బావమరిది క్రియాటిన్ డబ్బా తెచ్చాడు, కండబలానికి జిమ్ వాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే పొడి. జిమ్ పిల్లోడు. ‘కండకే కాదు బావా, మెదడుకూ బలమే’ అన్నాడు.

వాడు చెప్పిందాంట్లో శాస్త్రం లేకపోలేదు. ఒంటి బరువులో రెండు శాతమే ఉండే మెదడు, మన శక్తిలో 20 శాతం దాకా తినేస్తుంది. ఆ ఖర్చుకు చిల్లర ఏటీపీ, అంటే కణాలు శక్తి కోసం వాడుకునే అణువు. అది అయిపోతుంటే, క్రియాటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే ఫాస్ఫోక్రియాటిన్ తన దగ్గరున్న ఫాస్ఫేటును చేబదులిచ్చి క్షణాల్లో ఆదుకుంటుంది. వడ్డీ అడగదు, రూమూ అడగదు. మా బంధువర్గంలో ఇంత పెద్దమనిషి లేడు.

చిక్కల్లా లోపలికి పోవడంలోనే ఉంది. ఒంట్లోని క్రియాటిన్‌లో 95 శాతం కండల్లోనే ఉంటుంది. వాటిది వీఐపీ బ్రేక్. మెదడు గుమ్మంలో మాత్రం కాపలా గట్టిది, కంపార్ట్‌మెంట్‌లో కూర్చోవాల్సిందే. నిద్ర చాలని వాళ్లకు ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే బుర్ర కాస్త చురుగ్గా పనిచేసిందని 2024లో ఒక చిన్న ప్రయోగం తేల్చింది. తెలివి పెరుగుతుందనడానికి ఆధారాలు చాలవని అదే ఏడాది యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. బంధువుల ఒత్తిడి ఊసు రెండుచోట్లా లేదు.

అయినా రోజూ ఐదు గ్రాములు స్టీలు గ్లాసులో వేసి తిప్పాను. ఎంత తిప్పినా అడుగున ఇసకలా మిగిలేది. నీళ్లు పోసి మళ్లీ తిప్పుతుంటే ఫోన్ మోగేది. ఒకరోజు మా ఆవిడ ముగ్గుపిండి అనుకుని వాకిట్లో రెండు గీతలు గీసింది కూడా. ఆ డబ్బా ఖరీదుకు రథం ముగ్గే వేయించవచ్చు.

మొన్న చిత్తూరులో రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించింది. క్రియాటిన్ ఒంట్లో క్రియాటినిన్‌గానే మారుతుంది మరి. డాక్టరు కళ్లజోడు పైకి తోసి, ‘పొడి తాగుతున్నట్టు ముందే చెప్పొద్దా?’ అని కసిరారు. చీటీ రాస్తూ రాస్తూ అడ్రసు దగ్గర ఆగారు.

‘తిరుపతా మీది? కూర్చోండి, కూర్చోండి. శనివారానికి మా వాళ్లు ఆరుగురు...’