ఎడమకి కట్ చెయ్యి బావా

నిన్న పొద్దున జరిగింది. చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. మా బావమరిది దీన్ని తన పద్ధతిలో చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పేలోపు నా వైపు కథ బయటికి రావాలని ఇవాళే రాసేస్తున్నాను.

బావమరిది కొడుక్కి పద్దెనిమిది నిండాయి. నిండిన నెలలోనే కొత్త కారు కొనిచ్చాడు. ఇంకా ముందే కొనేవాడే. కానీ 2019లో చట్టం సవరించాక, మైనర్ పిల్లలు బండి నడిపితే తండ్రికి పాతిక వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని ఎవరో చెప్పారు. జరిమానాకి భయపడే మనిషి కాదు, జైల్లో ఏసీ ఉండదని ఆగాడు.

మా అబ్బాయికి పంతొమ్మిది, ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడికీ కారుంది. 2008 మోడల్ మారుతి 800. పూర్తిగా సొంత సంపాదన.

ఆ రూలు నేనే పెట్టాను. సంక్రాంతికి అందరూ కూర్చున్నప్పుడు, "కారు కావాలంటే సంపాదించుకుని కొనుక్కోరా" అన్నాను. అన్నాక చుట్టూ ఒకసారి చూసుకున్నాను కూడా. వాడు మారు మాట్లాడలేదు. ఎంవీపీ కాలనీలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పాడు. ముహూర్తాల సీజన్‌లో క్యాటరింగ్‌కి వెళ్ళాడు. అదెక్కడికి వెళ్తున్నాడో మాకు చెప్పలేదు. మా ఆవిడ పెదనాన్న మనవరాలి పెళ్ళిలో బంతిలో కూర్చున్నాం. ఎర్ర కోటు, చేతికి గ్లౌజులు, గుత్తివంకాయ బేసిన్‌తో మా వరసలోకి వచ్చాడు. "వంకాయ వెయ్యమంటారా సార్?" అన్నాడు నన్ను. గెస్టులతో సొంత మాటలు వద్దని సూపర్‌వైజర్ చెప్పాడట. మా ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎదురు బంతిలో కూర్చున్న బావమరిది ఫోటో తీసుకున్నాడు. నాకు రెండు వంకాయలు వేశాడు, అది మాత్రం చెప్పాలి.

అలా పోగేసిన యాభై రెండు వేలతో ఆ కారు వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. శబ్దాన్ని బట్టి మూడోది సెలవులో ఉన్నట్టే ఉంటుంది. మారుతి వాళ్ళు ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆపేసినా సామాన్లకి కొదవ లేదని మావాడి ధీమా. ఆదివారాలు కంచరపాలెంలో ఒక షెడ్డులో కూర్చుని పని నేర్చుకున్నాడు. కారుకి అద్దాలు నాలుగున్నాయి గానీ, దించే హ్యాండిల్ ఒక్కటే. ఎవరికి గాలి కావాలో వాళ్ళు అడిగి తీసుకుని, తిప్పుకుని, పక్కవాళ్ళకి అందించాలి. విశాఖలో సముద్రపు గాలికి ఇనుము ఎంతకాలం నిలుస్తుందో తెలిసిందే. వెనక సీటు కింద తుప్పు తినేసి రోడ్డు కనిపించేది. ఇప్పుడు కనిపించట్లేదు. ఆర్నెల్లుగా వెతుకుతున్న స్టీలు పళ్ళెం అక్కడ బిగించి ఉందని మా ఆవిడకి నిన్ననే తెలిసింది.

ఇందులో నాకు ముందు తట్టని చిక్కు ఒకటుంది. బావమరిది కారు ఇచ్చాడే గానీ వదిలిపెట్టలేదు. రెండో తాళం వాడి జేబులోనే ఉంటుంది. కారు ఎక్కడుందో ఫోన్‌లో చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క కాస్త కదిలితే చాలు, "రుషికొండ దగ్గర ఏం పనిరా?" అని ఫోన్. నాకా భాగ్యం లేదు. మావాడు రాత్రి పది దాటాక తాళాలు తీస్తుంటే "ఎక్కడికిరా?" అని నోటిదాకా వస్తుంది, అడగలేను. నేను కొన్న కారు కాదు, నేను పోయించిన పెట్రోలు కాదు. అసలు అందులో ఎక్కితే నా వాటా పెట్రోలు డబ్బులు ఫోన్‌పే చెయ్యాలి. డోరు గట్టిగా వేస్తే కోప్పడతాడు. ఒకసారి అందులో కూర్చుని పునుగులు తిన్నందుకు, కన్నతండ్రినన్న కనికరం లేకుండా, సీటు మీద నూనె మరక చూపించి మరీ నిలదీశాడు. సంపాదించుకోరా అన్న రోజునే వాడిని తిట్టే హక్కు కూడా వాడికే రాసిచ్చేశానన్నమాట.

సరే, పూజ. విశాఖలో బండి కొన్నవాళ్ళు ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళడం మర్చిపోయినా ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి వెళ్ళడం మర్చిపోరు. మావాడు కారు కొన్నప్పుడు చేతిలో పైసా మిగల్లేదు, పూజ వాయిదా పడింది. ఇప్పుడు మా ఆవిడ తమ్ముడి చెవిన వేసింది. "దాందేముందక్కా, మనదానితో పాటు దానికీ చేయించేద్దాం" అన్నాడు, టిఫిన్ ఆర్డర్‌లో ఇంకో ప్లేటు ఇడ్లీ కలిపినట్టు. నాకు అక్కడే మండింది.

గుడి ముందు మా కారు ముందు, వాళ్ళ కారు మా వెనక, దాని వెనక రిబ్బన్ కట్టిన కొత్త టిప్పర్ ఒకటి. మా మేనల్లుడు వాళ్ళ కారులో స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. బావమరిది పట్టు లాల్చీ వేసుకుని కిందకి దిగాడు. మావాడు నిమ్మకాయల కోసం వెళ్తూ తాళం నా చేతికిచ్చాడు. కారు కొన్న దగ్గర్నుంచీ ఇదే మొదటిసారి. ఇచ్చి, "అవసరమైతే కాస్త ముందుకి జరుపు నాన్నా. ఎడమకి మాత్రం ఎక్కువ తిప్పకు" అన్నాడు.

ఎందుకంటే స్టీరింగ్ లోపల కాంటాక్ట్ అరిగిపోయింది. ఎడమకి బాగా తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది. మావాడు ఎడమ మలుపులన్నిటికీ హారన్ కొట్టుకుంటూనే తిరుగుతాడు, వీధిలో వాళ్ళు జాగ్రత్త గల కుర్రాడని మెచ్చుకుంటారు. అసలు హారన్ గొంతు పోయిందని ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ జంట హారన్ కొని, రిలే పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగాడు. అది ఏ బండి నుంచి ఊడదీసిందో తెలీదు గానీ, గాజువాక నుంచి ఎన్ఏడీ దాకా లారీల మధ్య తిరిగి తిరిగి అనుభవం గడించిన గొంతు.

నేను కారు జరపడం మొదలుపెట్టానో లేదో, బావమరిది ముందుకొచ్చి నిలబడ్డాడు. తెలుగు మగవాడికి ఒక జబ్బుంది. ఎక్కడ కారు పార్కింగ్ జరుగుతున్నా, అది ఎవరి కారైనా, తను పక్కకి నిలబడి చెయ్యి ఊపకపోతే పాపం తగులుతుందనుకుంటాడు. అందులో కొందరికి డ్రైవింగే రాదు. ఆడవాళ్ళెవరైనా రివర్స్ తీస్తుంటే పది ఇళ్ళ అవతల నుంచి కూడా పరుగెత్తుకొస్తారు. బావమరిది ఆ విద్యలో ఆరితేరినవాడు. అరచెయ్యి తనవైపు ఊపుతూ, "రా... రా... రా... ఎడమకి కట్ చెయ్యి బావా."

"ఎడమకి వద్దటయ్యా" అన్నాను.

"నేను చూస్తున్నాను కదా బావా, ఏం ఫర్లేదు. కట్ చెయ్యి. ఇంకా. ఇంకా. ఫుల్లు కట్ చెయ్యి."

ఫుల్లు కట్ చేశాను.

ఆ శబ్దాన్ని రాయడానికి అక్షరాలు లేవు. ఒక్కసారి అని ఆగేది కాదు, మొదలైంది అంతే. పావురాలు లేచిపోయాయి. స్టీరింగ్ కుడికి తిప్పాను, ఆగలేదు. తాళం తీసి జేబులో వేసుకున్నాను, ఆగలేదు. నేరుగా బ్యాటరీ నుంచి లాగినవాడు ఇంకా నిమ్మకాయల దగ్గరున్నాడు. ముందు వరసలో మంత్రం చదువుతున్న పూజారిగారు గొంతు పెంచారు. హారన్ కంటే పైకి వెళ్ళలేక, చివరికి పెదాలు మాత్రం కదుపుతూ పూజ కొనసాగించారు.

జనం నావైపు చూడటం మొదలుపెట్టారు. గుడి ముందు నేనే కావాలని నొక్కుతున్నానని వాళ్ళ ఉద్దేశం. నొక్కడం లేదని చెప్దామంటే అద్దం ఎత్తి ఉంది. హ్యాండిల్ వెనక సీట్లో మా ఆవిడ దగ్గరుంది, ఆవిడ రెండు చెవులూ మూసుకుని ఉంది. నా చేతులు స్టీరింగ్ మీద లేవని అందరికీ కనపడాలని రెండు చేతులూ పైకెత్తాను. అవి తలకి ఆనుకుని దగ్గరగా రావడంతో అద్దంలోంచి చూసేవాళ్ళకి నమస్కారంలా కనిపించిందేమో, టిప్పర్ తాలూకు పెద్దాయన ఒకాయన తిరిగి నమస్కారం పెట్టాడు. ఇంకొకావిడ, పాపం భక్తి పూనిందనుకుని, పిల్లాడిని నాకేసి చూపించి దణ్ణం పెట్టించింది.

సలహాలు వచ్చాయి. ఒకాయన రివర్స్ గేర్ వెయ్యమన్నాడు. ఎందుకో ఆయనకీ తెలీదు. ఒకాయన బానెట్ మీద దబదబా బాదాడు. పూలమ్మే ఆవిడ అద్దం దగ్గరికొచ్చి, "ఏటి బాబూ, ఆపరేటి? చెవులు పగిలిపోతన్నాయి" అంది. ఆవిడ పెదాల కదలికను బట్టి చెబుతున్నాను, వినపడి కాదు. బావమరిది మాత్రం అక్కడే నిలబడి, ఇప్పటికీ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఈసారి కుడికి.

ఆ గోలలో, చేతులు పైనే ఉండగా, నాకు యుద్ధం గుర్తొచ్చింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన ఊరి తీరానికి దగ్గర్లోనే మునిగింది కదా. ఆ రోజుల్లో తూర్పు నౌకాదళం అధిపతి అడ్మిరల్ కృష్ణన్ ఊరు క్షేమంగా ఉండాలని ఇదే వినాయకుడికి 1001 కొబ్బరికాయలు కొట్టించారని విశాఖలో పెద్దవాళ్ళు చెబుతారు. అంత గండాన్ని చూసిన స్వామి ఈ హారన్ ఒక లెక్కా అనుకున్నాను. కొబ్బరికాయలు మనం ఒకటే తెచ్చామన్న సంగతి ఆ వెంటనే గుర్తొచ్చింది.

అప్పుడు కనిపించాడు మావాడు. పరుగెత్తుతున్నాడేమో అనుకుంటారు. లేదు. చేతిలో నిమ్మకాయల కవరు ఊపుకుంటూ, మిగిలిన చిల్లర లెక్కపెట్టుకుంటూ నడిచొచ్చాడు. బానెట్ తీగ ఎప్పుడో తెగిపోయింది, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి సందులోకి పెట్టి ఎత్తాడు. గ్రిల్ వెనక చెయ్యి దూర్చాడు. ఒక వైరు లాగాడు. నిశ్శబ్దం. పూజారిగారి గొంతు మాత్రం ఇంకా హై పిచ్‌లోనే ఉంది, ఆయన దిగడానికి కొంచెం టైమ్ పట్టింది.

"ఎడమకి తిప్పావా?" అన్నాడు.

నేను బావమరిది వైపు చూశాను. బావమరిది గోపురం వైపు చూశాడు.

పూజ మొదలైంది, పసుపు, కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఇక కారు ముందుకి కదిలి నిమ్మకాయలు నలగాలి. తాళం తిప్పాడు. టిక్ అంది. బ్యాటరీ కూడా రీకండిషన్‌దే, ఉన్న ప్రాణమంతా హారన్‌కి ఇచ్చేసింది. మా వెనక కొత్త కారు, దాని వెనక టిప్పర్, దాని వెనక ఎవరెవరో, అందరిదీ ముహూర్తమే. తోయక తప్పదు.

మేనల్లుడిని పిలుద్దామని వెళ్ళి అద్దం కొట్టాను. ఏసీ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంత రభసలో ఒక్క ముక్క వినలేదు వాడు. అద్దం నాలుగు వేళ్ళు దించి, "నాన్న దిగొద్దన్నారు మావయ్యా" అన్నాడు.

అందుకని ఆ నాన్నే తోశాడు. పట్టు లాల్చీతో, నా భుజానికి భుజం ఆనించి. మావాడు సెకండ్ గేర్‌లో క్లచ్ తొక్కిపట్టి, "గట్టిగా మావయ్యా, ఇంకా, ఇంకా" అంటున్నాడు. నిమ్మకాయలు నలిగాయి. క్లచ్ వదిలాడు. కారు ఎగిరిపడి స్టార్టయింది. బావమరిది చేతులు డిక్కీ మీదే ఉండిపోయి, తుప్పూ పసుపూ కలిసిన ముద్రలు లాల్చీకి రెండు వైపులా పడ్డాయి.

మావాడు మళ్ళీ ఆపలేదు. ఆపితే ఆగిపోతుంది. మా ఆవిడనీ, అద్దాల హ్యాండిల్‌నీ, స్టీలు పళ్ళేన్నీ తీసుకుని సిరిపురం వైపు వెళ్ళిపోయాడు. నేను బావమరిది కారులో ఇంటికొచ్చాను. దారంతా ఎవరూ మాట్లాడలేదు, ఏసీ బాగుంది.

రాత్రి వాట్సాప్‌లో బిల్లొచ్చింది. స్టీరింగ్ కాంటాక్ట్ 450, బ్యాటరీ ఛార్జింగ్ 150, లేబర్ 300. కింద ఒక లైను: "ఎడమకి తిప్పినవాళ్ళు కట్టాలి."

తిప్పమన్నది ఎవరో అరడజను మంది సాక్షులున్నారు. బిల్లు యథాతథంగా బావమరిదికి పంపాను. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. ఇంతవరకూ జవాబు లేదు. లాల్చీ డ్రైక్లీనింగ్ రసీదు మాత్రం మా ఆవిడ ఫోన్‌కి వచ్చింది.