జిల్లా కార్యదర్శి ఫోనులో ప్రైవేటు టీచరు నంబరు ఎందుకు లేదు?

ఉపాధ్యాయ సంఘం జిల్లా నాయకుడంటే బయటివాళ్ల మనసులో ఒక అభిప్రాయం ఎప్పుడో స్థిరపడిపోయింది. బడికి పోడు, డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు మెట్ల మీదే ఉంటాడు, ధర్నా ఉంటే మైకు పట్టుకుంటాడు, లేని రోజు ఎవరి డిప్యుటేషన్‌కో పైరవీ చేస్తుంటాడు. నన్నడిగితే విద్యాశాఖలో జిల్లా స్థాయిలో టీచరుకు నిజంగా పనికొచ్చే మనిషి అతనొక్కడే. అతని మీద నాకున్న ఫిర్యాదు వేరే. ఆ పని సర్కారు బడి గేటు దగ్గరే ఆగిపోతోంది.

ముందు ఆ పనేమిటో చూద్దాం. ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) మేడం ఉందనుకోండి. పన్నెండేళ్ల సర్వీసుకు పెరిగే స్కేలు రావాలి. ఫైలు పెడితే వెనక్కొచ్చింది. ఎప్పుడో తీసుకున్న ప్రసూతి సెలవు మంజూరైంది గానీ సర్వీస్ రిజిస్టర్లో ఎంట్రీ పడలేదు, అప్పటి ఎంఈవో (మండల విద్యాధికారి) రిటైరైపోయాడు, జిల్లాల విభజనలో ఆ మండలం వేరే జిల్లాకు వెళ్లింది. పాత ఆఫీసు మాది కాదంటుంది, కొత్త ఆఫీసు మా దగ్గర కాగితం లేదంటుంది. ఆమె సెలవు పెట్టుకుని రెండుసార్లు తిరిగి, విసిగిపోయి, చివరికి సంఘం జిల్లా కార్యదర్శికి ఫోన్ చేస్తుంది. ఆయన చేసేదేమీ అద్భుతం కాదు. పాత ప్రొసీడింగ్స్ కాపీ వెతికిస్తాడు, ఆ నెలల జీతం బిల్లులో సెలవు కాలం ఎలా చూపించారో ట్రెజరీలో కనుక్కుంటాడు, సూపరింటెండెంట్ ఎదురుగా కూర్చుని ఇదిగో జీవో, ఇదిగో రూలు అని ఎంట్రీ వేయిస్తాడు. ఆమెకు నెలకు పెరిగేది కాస్తే కావచ్చు, రిటైరయ్యేదాకా లెక్క కడితే లక్షల్లో ఉంటుంది.

ఇలాంటివి ఒకటి కాదు. మెడికల్ రీయింబర్స్‌మెంట్, సరెండర్ (వాడని సెలవుల్ని డబ్బుగా మార్చుకునే) బిల్లులు, జీపీఎఫ్ లోను, చైల్డ్ కేర్ లీవు, ఇంక్రిమెంట్ తేదీ తప్పు పడటం. బదిలీల సీజన్ వస్తే ఆయనకు రాత్రీ పగలూ తేడా ఉండదు. స్పౌస్ పాయింట్లు కలవలేదని ఒకరు, సీనియారిటీ లిస్టులో జూనియర్ పైకి పోయాడని ఒకరు, వెబ్ ఆప్షన్ ఫ్రీజ్ చేశాక తప్పు కనిపించిందని అర్ధరాత్రి ఇంకొకరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లకు తోలారు, 2025లో దాన్ని రద్దు చేసి మళ్లీ కొత్త లెక్క మొదలుపెట్టారు. తెలంగాణలో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు పంచిన 2021 డిసెంబరు నాటి జీవో 317 భార్యను ఒక జిల్లాలో, భర్తను ఇంకో జిల్లాలో పడేసింది. ప్రతిసారీ సర్‌ప్లస్ (మిగులు టీచర్ల) లిస్టు వస్తుంది, ప్రతిసారీ అందులో తప్పులుంటాయి. ఆ తప్పుల్ని బడి బడికీ పిల్లల సంఖ్యతో సరిచూసేది ఎవరనుకున్నారు? ఇక 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలున్న టీచర్లు రెండేళ్లలో టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసవ్వాలని తీర్పిచ్చిన దగ్గర్నుంచి, యాభై దాటిన మాస్టార్ల టెన్షన్ అంతా ఆయన ఫోనులోకే చేరింది.

ఇదంతా బడి అయ్యాక చేయాలి. గుర్తింపు పొందిన సంఘం ఆఫీసు బేరర్‌కు దక్కేది ఏడాదికి 21 స్పెషల్ క్యాజువల్ లీవులు. పెట్రోలు సొంతం, ఫోను సొంతం. అన్నిటికంటే విచిత్రం, పొద్దున ఏ డీఈవోతో వాదించాడో సాయంత్రం అదే డీఈవో ఆయనకు చార్జ్ మెమో (క్రమశిక్షణ నోటీసు) ఇవ్వగలడు. బ్రిటన్‌లో టీచర్ల యూనియన్లకు ప్రాంతీయ అధికారులుంటారు, వాళ్ల జీతం యూనియనే ఇస్తుంది, సభ్యుల కేసులు చూడటమే వాళ్ల ఉద్యోగం. మన దగ్గర కాండక్ట్ రూల్స్ మెడ మీద వేలాడుతుండగా ఆ పని చేయాలి. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (జీతాల సవరణ) మీద చలో విజయవాడకు పిలుపిస్తే ఎంతమంది నాయకుల ఇళ్ల ముందు పోలీసులు కూర్చున్నారో మరిచిపోయామా? అయినా జనం వచ్చారు. ఆ తర్వాత మిగతా ఉద్యోగ సంఘాల నేతలు మంత్రులతో మాట్లాడుకుని సంతకాలు పెడితే, మాకు ఒప్పుకోలు లేదని బయటికొచ్చింది టీచర్ల సంఘాలే.

సంఘాల్లో చెడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఓడీ (ఆన్ డ్యూటీ) పేరుతో బడి మొహం చూడనివాళ్లూ, బదిలీల్లో తమవాళ్లకు రోడ్డు పక్క బడి ఇప్పించుకునేవాళ్లూ, చిట్టీలూ ప్లాట్ల వ్యాపారమూ చేసుకునేవాళ్లూ అందరికీ తెలుసు. డజన్ల కొద్దీ సంఘాలు చీలిపోయి, మనవాడా కాదా అని చూసి ఫోనెత్తే రోగమూ ఉంది. పిల్లలకు చదువు రావట్లేదు, వీళ్లకు హక్కులు కావాలా అనే తల్లిదండ్రుల కోపంలో కొంత న్యాయముంది. అయితే పైరవీ ఎందుకు పుడుతుంది? సెక్షన్ క్లర్కు టేబుల్ మీద ఫైలు దానంతటది కదలదు కాబట్టి. విద్యాశాఖ తన టీచర్ల సర్వీస్ రిజిస్టర్లు తానే సరిగ్గా రాసుకుంటే సగం మంది నాయకులకు పని ఉండదు.

అసలు విషయానికి వస్తాను. ఈ యంత్రాంగమంతా, డైరీలు, జీవోల పుస్తకాలు, మండల శాఖలు, వాట్సాప్ గ్రూపులు, ఇదంతా ఎవరికోసం? టీచర్లలో నెలనెలా జీతం బ్యాంకులో పడే వాళ్లకోసం. అదే ఊళ్లో, అదే పదో తరగతి సిలబస్ చెబుతున్న ప్రైవేటు స్కూలు టీచరుకు ఫోన్ చేయడానికి ఒక్క నంబరు లేదు. మే నెలలో ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెమ్మంటారు, తేకపోతే ఆ నెల జీతం ఆపుతారు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. మానేస్తానంటే ఇవ్వరు. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు వీళ్ల గతి ఏమైందో చూశాం. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే. పాఠం చెప్పే మనిషి బియ్యం కోసం దరఖాస్తు పెట్టుకున్న ఆ రోజుల్లో వాళ్ల తరఫున యాజమాన్యం ముందు కూర్చుని, పిల్లల దగ్గర ఆన్‌లైన్ ఫీజు వసూలు చేశారు కదా, అందులో మా జీతమేదని అడిగే జిల్లా కార్యదర్శి ఎవరు?

చట్టం లేదని చెప్పకండి. రెండు రాష్ట్రాలకూ మూలమైన 1982 విద్యా చట్టంలో సెక్షన్ 79 ఉంది, ప్రైవేటు సంస్థలో ఉద్యోగిని విచారణ లేకుండా తీసేయకూడదు. గ్రాట్యుటీ చట్టాన్ని 2009 సవరణతో టీచర్లకూ వర్తింపజేశారు, అదీ 1997 నుంచి లెక్కకట్టి. స్కూళ్ల యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చేసింది. మరోవైపు 1988లోనే అదే కోర్టు, టీచరు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిన ‘వర్క్‌మన్’ (కార్మికుడు) కిందికి రాడని చెప్పింది కాబట్టి ఉద్యోగం పోతే లేబర్ కోర్టు దారి మూసుకుపోయింది. అంటే వీళ్లకున్న కొద్దిపాటి దారుల్లో ముఖ్యమైనది విద్యాశాఖ ఆఫీసు గుండానే పోతుంది. ఆ ఆఫీసులో ఏ ఫైలు ఏ బల్ల మీద ఉందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి మన జిల్లా కార్యదర్శి!

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్లవి. ఓటు హక్కు సెకండరీ స్థాయికి తగ్గని సంస్థల్లో పనిచేసేవాళ్లకే. సర్కారు ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీకి, సంఘానికి చందా కట్టి ధర్నాలో ఎండకు నిలబడే మనిషికి, ఓటు లేదు. గుర్తింపున్న ప్రైవేటు హైస్కూలు టీచరుకు ఉంది. అందుకే ఆరేళ్లకోసారి ఎన్నికలప్పుడు సంఘాల నాయకులు కరపత్రాలు పట్టుకుని ప్రైవేటు స్కూళ్ల స్టాఫ్ రూముల్లో ప్రత్యక్షమవుతారు, ఓట్ల పెట్టె మూశాక మళ్లీ కనిపించరు. ఫలితం కూడా అలాగే ఉంటోంది. 2025లో కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉపాధ్యాయ స్థానం బీజేపీ టికెట్ మీద గెలిచిన మల్క కొమరయ్య స్వయంగా పెద్ద ప్రైవేటు విద్యాసంస్థల అధిపతి. ఆయన పోటీ చేశారు, గెలిచారు, తప్పు పట్టడానికేమీ లేదు. సంఘాలు మాత్రం దాన్ని డబ్బు రాజకీయమని తిట్టుకుని ఊరుకున్నాయి. ఓటున్న టీచరు కష్టానికి అయిదేళ్ల పదకొండు నెలలు ముఖం చాటేసి, ఆరో ఏడాది చివర్లో వర్గ ఐక్యత గుర్తుచేస్తే ఎవరు నమ్ముతారు?

గుర్తింపు నిబంధనల ప్రకారం సర్కారు ఉద్యోగుల్నే సభ్యులుగా చేర్చుకోవాలి అంటారు నాయకులు. సరే, సభ్యత్వం ఇవ్వకండి. పక్కన ఒక అనుబంధ సంఘం రిజిస్టర్ చేయండి, రిటైరైన మీ జిల్లా నాయకుల్లో ఒకరిని చందా డబ్బులతో జీతమిచ్చి పూర్తికాలం కూర్చోబెట్టండి. రిటైరైనవాడికి చార్జ్ మెమో భయం లేదు, ప్రైవేటు యాజమాన్యం కూడా అతన్నేమీ చేయలేదు. జిల్లా కేంద్రంలో సంఘం భవనాలు ఎలాగూ ఉన్నాయి, ఆదివారాలు ఖాళీగానే ఉంటున్నాయి. మొదటి పని పెద్దదేమీ అక్కర్లేదు: అయిదేళ్లు నిండి మానేసిన టీచర్లకు ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన గ్రాట్యుటీ దరఖాస్తులు రాసిపెట్టడం, సర్టిఫికెట్లు ఆపిన యాజమాన్యాలకు నోటీసు పంపడం.