‘జీవితంలో ఒక్కసారే’ అనే రూల్ గారికి

మహారాజశ్రీ రూల్ గారికి నమస్కరించి రాయునది, ఇక్కడ మేమంతా క్షేమం, ఉద్యోగం ఒక్కటే పోయింది, అదీ రెండోసారి.

ఉద్యోగం పోయినోళ్ళకి ఈఎస్ఐ, అదే జీతంలో కోసే ఉద్యోగుల బీమా వాళ్ళు, 90 రోజుల దాకా ఇచ్చే డబ్బుకి అప్లై చేద్దామని ఇవాళ మధ్యాహ్నమంతా నెట్ సెంటర్లో కూర్చున్నానండి. కాసేపు సర్వర్ డౌన్, అది లేచాక ఓటీపీ మా ఆవిడ ఫోన్‌కి పోయింది, ఆవిడేమో ఫోన్ ఎత్తదు, చివరికి మూడున్నరకి ఆ కుర్రాడు స్క్రీన్ నా వైపు తిప్పి "అన్నా, 2020లోనే 90 రోజులూ వాడేసుకున్నావ్ కదా, ఇంక రాదు" అన్నాడు. ప్రింటౌట్ తీయలేదు కాబట్టి డబ్బులొద్దన్నాడు. ఇవాళ నాకు దక్కిన ప్రభుత్వ సాయం అదే.

ఈఎస్ఐ వాళ్ళ అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన గురించే చెప్తున్నా. 2018లో జీతంలో పావు వంతు ఇస్తామని మొదలై కరోనాలో సగం అయింది, ఉద్యోగం పోయాక అప్లై చెయ్యడానికి 90 రోజులు ఆగాల్సింది 30కి తగ్గించారు. కాదనను, అప్పుడు మా ఇంటద్దె కట్టింది మీరే. ఇంట్లో నలుగురున్నా నలభై మందున్నా లెక్క ఒక్కడి జీతం మీదే, సర్లెండి.

ఎలక్షన్లలో ఇస్తామనే నిరుద్యోగ భృతి సంగతి ఎత్తను. 2018లో తెలంగాణలో నెలకి 3,016 అన్నారు, ఆ 16 శుభానికేమో, శుభమూ రాలేదు మూడు వేలూ రాలేదు.

నా బాధల్లా మీతోనే. నా జీతం 20,000, పే స్లిప్పులో ఈఎస్ఐ అని నెలకి 150 కోత, కంపెనీ వాటా ఇంకో 650, మొత్తం 800. హాస్పిటల్ ఖర్చులూ అందులోంచే అని తెలుసండి, నేను మరీ అంత తెలివి తక్కువోణ్ణి కాదు. కానీ జీవితంలో ఒక్కసారే ఏంటండీ? ఉద్యోగం ఏమన్నా పెళ్ళా? మా షెడ్డు 2020లో మూసినప్పుడు, "ఇదే లాస్టు, ఇంకోసారి మూయం" అని నాకెవరైనా రాసిచ్చారా? నలభై నాలుగేళ్ళోణ్ణి, ఇంకో పదిహేనేళ్ళు పని చెయ్యాలి, ఎన్ని షెడ్లు మూతపడతాయో మీకు తెలుసా నాకు తెలుసా? మూడు నెలలు సగం జీతం, దాదాపు 30,000, దాంతో నా జన్మకి సరిపోయిందని ఎవడయ్యా డిసైడ్ చేసింది!

రేపు ఎక్కడో పని దొరుకుద్ది. మొదటి నెల నుంచే మళ్ళీ 150 కోస్తారు. దానికి మాత్రం ఒక్కసారే అని రూల్ లేదు.

ఇట్లు,
తన ఒక్కసారి అయిపోయినవాడు