డీబగ్గర్ గారికి ఒక విన్నపం

నడుస్తున్న ప్రోగ్రాం లోపలికి తొంగిచూసి తప్పులు వెతికిపెట్టే మహారాజశ్రీ డీబగ్గర్ గారికి,

"ఏమీ ముట్టుకోను, ఊరికే చూసి వెళ్తాను" అని మీరు వచ్చిన ప్రతిసారీ నమ్మాను. మీ చూడటం ఎలా మొదలవుతుందో ఆలస్యంగా తెలిసింది. లినక్స్‌లో మీరు జీడీబీ పేరుతో వచ్చి, నడుస్తున్న ప్రాసెస్‌కి, అంటే నడుస్తున్న ప్రోగ్రాముకి, అటాచ్ అవగానే (అతుక్కోగానే) దాని నెత్తిన "ఆగు" అనే సిగ్‌స్టాప్ పడుతుంది. పట్టుకోవడానికీ పట్టించుకోకుండా ఉండటానికీ వీల్లేని సిగ్నల్ అది. నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపి "నిద్ర బాగా పడుతోందా?" అని అడిగే పరామర్శ మీది.

వెనకాల పనులు చేసే మా వర్కర్ ప్రోగ్రాం సంగతే చూడండి. పాపం, ఈపోల్ వెయిట్ అనే ఎదురుచూపు కాల్‌లో కూర్చుని పని కోసం ఎదురుచూస్తోంది. మీరు ఆపారు, చూశారు, కంటిన్యూ అన్నారు. అది కళ్ళు తెరిచేసరికి చేతిలో ఆ కాల్ విఫలమైందని చెప్పే మైనస్ ఒకటి, పక్కన ఈఐఎన్‌టీఆర్ అనే ఎర్రర్. "మధ్యలో ఎవరో కదిపారు, మళ్ళీ అడుగు" అని దాని అర్థం. పైథాన్ భాష అయితే 2015లో వచ్చిన 3.5 నుంచి తనే మళ్ళీ అడుగుతుంది. మాది సీ భాష. రాసిన మహానుభావుడు మైనస్ ఒకటి కనిపిస్తే చాలు, ఎగ్జిట్ అని రాసిపెట్టాడు. (ఆ మహానుభావుణ్ణి నేనే. ఆ గొడవ ఇక్కడ వద్దు.) నెమ్మదిగా నడుస్తోందని మిమ్మల్ని పిలిస్తే అసలు నడకే ఆగిపోయింది. మీరు ప్రాసెస్‌ని పట్టుకోవడానికి వాడే పీట్రేస్ కాల్ మాన్యువల్‌లో బగ్స్ అనే శీర్షిక కింద మీ ఈ అలవాటు గురించి రాసే ఉంది. చదవకపోవడం నా తప్పే అనుకోండి.

అర్ధరాత్రి సంగతి మాత్రం మర్చిపోలేను. మిమ్మల్ని అటాచ్ చేసి, కంటిన్యూ కొట్టి, నిశ్చింతగా పడుకున్నాను. పన్నెండింటికి పాత లాగ్ ఫైళ్ళను పక్కకి తీసే లాగ్‌రొటేట్ వచ్చి, లాగ్ ఫైలు మళ్ళీ తెరుచుకోమని ప్రాసెస్‌కి సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపింది. రోజూ జరిగేదే. కానీ ఆ ఉత్తరం ముందు మీ చేతిలో పడింది. అలారం సిగ్నల్ వస్తే చూసీ చూడనట్టు పంపించేస్తారు కదా, హప్ అనేసరికి ఎందుకండీ అంత పట్టింపు? ప్రాసెస్‌ని ఆపేసి, స్క్రీన్ మీద ఒక ముక్క రాసి, నా ఆజ్ఞ కోసం తెల్లవార్లూ వినయంగా ఎదురుచూశారు. అవతల కనెక్షన్లన్నీ టైమౌట్. పొద్దున ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్ కొట్టి చూస్తే ప్రాసెస్ స్థితి దగ్గర చిన్న టీ అక్షరం. ఎవరో ట్రేస్ చేస్తూ ఆపేశారని దాని భావం. ఎవరా అని స్టేటస్ ఫైలు తెరిస్తే ట్రేసర్ పిడ్ (ట్రేస్ చేస్తున్న ప్రాసెస్ నంబరు) దగ్గర మీ నంబరే.

ఇంకోసారి, ప్రాసెస్ పరుగెడుతుండగానే ఒళ్ళు మండి బలవంతంగా చంపేసే కిల్ మైనస్ తొమ్మిది కమాండ్‌తో మిమ్మల్నే సాగనంపాను. మీరు పోయారు. ఇక్కడ ఆగాలని మీరు కోడ్‌లో నాటిన బ్రేక్‌పాయింట్ పోలేదు. సీసీ అనే ఒక్క బైటు కోడ్ మధ్యలో మిగిలిపోయింది. ప్రాసెస్ దాని మీద కాలు వేసింది, సిగ్‌ట్రాప్ అనే సిగ్నల్ తగిలింది, అక్కడికక్కడే ప్రాణం వదిలింది.

ఇక మీ మొహం చూడకూడదనే నిర్ణయించుకున్నాను. కోర్ డంప్ (ప్రాసెస్ మెమరీ నకలు) తీసుకుని తీరిగ్గా పరిశీలిద్దామని జీకోర్ కమాండ్ వెతికాను. లోపల చూస్తే దాన్ని నడిపేదీ మీరేనట, దానికీ అటాచ్ అవాల్సిందేనట.

వర్కర్ మళ్ళీ నెమ్మదించింది. దయచేయండి. ఈసారి వెళ్ళేటప్పుడు డిటాచ్ (వదిలేయడం) అని నేనే గుర్తుచేస్తాను.

ఇట్లు,
పడుకోకుండా మీ ప్రాంప్ట్ ముందే కూర్చున్న
నైట్ డ్యూటీ మనిషి