ఓనరు పొట్ట కొట్టే చట్టం

హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు పెయింటింగ్ కోసమని ఒక నెల అడ్వాన్సు పట్టుకుంటాడు. ఎవరూ నోరెత్తరు. తర్వాత వెళ్లి ఆ గోడలకు నిజంగా రంగు పడిందా అని చూసొచ్చినవాడు కూడా లేడు. బెంగళూరులో పది నెలల అద్దె ముందే చేతిలో పోసి, తాళాలు తీసుకుని, థాంక్స్ సార్ అని చెప్పి మరీ వచ్చిన మనవాళ్లు ఎంతమందో. రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2021లో కేంద్ర కేబినెట్ ఒక నమూనా చట్టాన్ని ఆమోదించిన మాట నిజమే. కానీ రాష్ట్రాలు చట్టం చేసుకుంటే తప్ప నమూనా నమూనాగానే ఉంటుంది కాబట్టి కంగారు పడాల్సింది లేదు.

ఇంత సంస్కారవంతమైన వ్యవస్థలో పెరిగిన మనకు ఇంగ్లండు ఓనర్ల బతుకు చూస్తే గుండె తరుక్కుపోతుంది.

అక్కడ అద్దెకున్నవాడిచ్చిన అడ్వాన్సు ఓనరుది కాదట. అద్దెకున్నవాడిదేనట! 2004లో హౌసింగ్ చట్టం అని ఒకటి చేసి, 2007 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో ఈ విడ్డూరాన్ని అమల్లో పెట్టారు. డబ్బు చేతికందిన 30 రోజుల్లోగా డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ అనే మూడు స్కీముల్లో ఏదో ఒకచోట దాన్ని భద్రం చేయాలి. డబ్బంతా స్కీము వాళ్లకే అప్పజెబితే ఫీజు లేదు. లేదూ నా దగ్గరే ఉంచుకుంటానంటే ఫీజు కట్టి బీమా చేయించాలి. తన జేబులో ఉన్న డబ్బుకు తనే బీమా! పైగా ఏ స్కీములో పెట్టిందీ, తిరిగి ఎలా రాబట్టుకోవాలో అన్నీ రాసి, ఆ కాగితం కూడా అదే గడువులోగా అద్దెవాడి చేతిలో పెట్టాలి. అల్లుడికి కూడా మనం ఇన్ని మర్యాదలు చేయం.

సరే, పనుల ఒత్తిడిలో ఓనరు మరిచిపోయాడనుకోండి. నెలకు 1,040 పౌండ్ల అద్దె ఇల్లు. డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదని 2019 నుంచి ఇంకో ఆంక్ష ఉంది కాబట్టి 1,200 పౌండ్లు తీసుకున్నాడు. స్కీములో వేయలేదు. అద్దెవాడు కౌంటీ కోర్టుకు వెళ్తే ఆ 1,200 ఎలాగూ వదులుకోవాలి, దానిపైన ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా, అంటే 3,600 వరకు పరిహారం కట్టాలి. ఇల్లు ఖాళీ చేసిన రోజే డిపాజిట్ పైసాతో సహా తిరిగిచ్చేసినా సరే, స్కీములో ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. అది కూడా ఆరేళ్ల దాకా! ఆరేళ్ల కింద ఖాళీ చేసినవాడి ముఖం కూడా ఓనరుకు గుర్తుండదు, వాడికి మాత్రం డిపాజిట్ గుర్తుంటుంది.

మధ్యలో కొన్నాళ్లు మంచిరోజులు వచ్చాయి, అది ఒప్పుకోవాలి. 2010లో అప్పీలు కోర్టు దయతలచి, గడువు దాటినా విచారణ లోపు స్కీములో వేసేస్తే పెనాల్టీ లేదంది. 2011లో ఇంకాస్త కరుణించి, అద్దె ఒప్పందం ముగిశాక ఇక ఆ క్లెయిమ్ చెల్లదంది. అంటే, నోటీసు వచ్చాకే చట్టం గుర్తొచ్చే ఓనరుకు, అద్దెవాడు వెళ్లిపోయేదాకా చట్టమే గుర్తురాని ఓనరుకు, ఇద్దరికీ దారి దొరికింది. పార్లమెంటు ఓర్వలేకపోయింది. లోకలిజం చట్టం పేరుతో 2012 ఏప్రిల్ నుంచి ఈ రెండు దారులూ మూసేసింది. మొదట్లో గడువు 14 రోజులే, పెనాల్టీ కచ్చితంగా మూడు రెట్లే ఉండేది. దాన్ని 30 రోజులు, ఒకటి నుంచి మూడు రెట్లు అని సడలించామని సర్ది చెప్పారు. కంటితుడుపు!

ఇక ఖాళీ చేసే రోజు జరిగే అవమానం వేరు. మనదగ్గర ఓనరు ఇంట్లో ఒక చుట్టు చుట్టి, కుళాయి తిప్పి చూసి, ఒక అంకె చెబుతాడు. అదే తీర్పు. అక్కడ ఆ అంకెను ఓనరే రుజువు చేయాలి. చేరిన రోజు తీసిన ఫొటోలేవి, సామాను జాబితా ఏది అని స్కీము వాళ్లు అడుగుతారు, అద్దెవాడికి పైసా ఖర్చు లేకుండా తగువు తీరుస్తారు. మామూలు వాడకంలో అరిగిందానికి, మాసిందానికి కోత పెట్టకూడదట. స్టవ్ వెనక టైల్స్ సందుల్లో పట్టేసిన పసుపు, కుక్కర్ మూత ఎగిరినప్పుడు సీలింగుకు అంటుకుని అక్కడే ఎండిపోయిన పప్పు మెతుకు, వీటిలో ఏది వాడకం, ఏది నష్టం అని చర్చ పెడతారు. 2017లో కెంట్‌లో ఫెర్గస్ విల్సన్ అనే పెద్ద ఓనరు ఈ గొడవంతా ఎందుకని, కూర వాసన మిగిలిపోతోంది కాబట్టి అసలు మనలాంటి రంగువాళ్లకు ఇళ్లే ఇవ్వొద్దని ఏజెంటుకు రాసి పెట్టాడు. కోర్టు అదీ కుదరదంది. ఇంగువ ముందు ఇంగ్లండు ఓడిపోయిన రోజు అది.

అన్నిటికన్నా బాధాకరం, అద్దెవాడు ఇదంతా కనుక్కోవడం మరీ సులువు. స్కీముల వెబ్‌సైట్లలో పోస్ట్‌కోడ్, ఇంటిపేరు, డిపాజిట్ ఎంత, ఎప్పుడు చేరాడు, ఇవి కొడితే డిపాజిట్ ఉందో లేదో చెప్పేస్తుంది. మూడింట్లోనూ లేకపోతే ముందు ఓనరుకు ఒక ఉత్తరం, తర్వాత కోర్టు. జడ్జిగారు రెట్లు తేల్చేటప్పుడు ఓనరు తప్పు ఎంత పెద్దదో చూస్తారు. "నాకీ రూలు తెలియదండీ" అని అమాయకంగా చెప్పేవాడికి ఒక రెట్టుతో పోవచ్చు. ఏడిళ్ల ఓనరు ఆ మాట అనాలంటే కాస్త రిహార్సల్ కావాలి.

ఈ చీకట్లో వెలుగు చూపిస్తున్నది మాత్రం మన తెలుగువాళ్లే. మాస్టర్స్‌కని వెళ్లిన కుర్రాడు లండన్ ఈస్ట్ హామ్‌లోనో, లూటన్‌లోనో గది వెతుక్కుంటూ వాట్సాప్ గ్రూపులో దొరికిన అంకుల్ దగ్గరకు వస్తాడు. డిపాజిట్ క్యాష్‌గా ఇస్తాడు. రసీదు ఉండదు, అగ్రిమెంటు ఉండదు. ఎవరో సీనియర్ చెబితే కొన్నాళ్లకు ధైర్యం చేసి అడుగుతాడు.

"అంకుల్, మన డిపాజిట్ ఏ స్కీములో వేశారు?"

"మన మధ్య స్కీములేంటి నాన్నా? మీ నాన్న నాకు ఫోన్ చేయించాడు కదా. భోంచేశావా?"

ఆ భోంచేశావాతో కేసు కొట్టేసినట్టే. తెల్ల ఓనర్లకు ఈ వాక్యం రాదు, అందుకే కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. నోటిమాట మీద ఇచ్చిన గదికి కూడా ఈ చట్టం వర్తించగలదని గానీ, డిపాజిట్ అడిగితే వీసా పోదని గానీ ఆ కుర్రాడికి తెలియకుండా చూసుకోవాల్సిన బాధ్యత మన కమ్యూనిటీ పెద్దలందరిదీ.

అంకుళ్లలో మరీ చదువుకున్నవాళ్లు ఇంకో మార్గం కనిపెట్టారు. ఓనరు కాపురమున్న ఇంట్లోనే ఒక గది అద్దెకిస్తే, ఆ గదివాడి డిపాజిట్‌కు ఈ స్కీముల గొడవే లేదు. చట్టం అక్కడ మౌనం. దాంతో పక్క వీధిలో హాయిగా ఉంటూ "నేనూ ఇక్కడే ఉంటా" అనే అంకుళ్లు పెరిగారు. అయితే చిక్కేమిటంటే, హాల్లో ఒక టూత్‌బ్రష్, హ్యాంగరుకు రెండు చొక్కాలు చూపిస్తే కోర్టు నమ్మదు. నిజంగానే అది ఆయన కాపురముండే ఇల్లయి ఉండాలి. ఆంటీని ఒప్పించి, సామాను సర్దుకుని, ఆరుగురు కుర్రాళ్లున్న ఇంటికి మకాం మార్చి, పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని ఒకే ఒక్క బాత్రూం ముందు ఏడో నంబరులో అంకుల్, ఎనిమిదో నంబరులో ఆంటీ నిలబడాలి. పన్నెండు వందల పౌండ్ల కోసం ఆంటీ ఒప్పుకుంటుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.